శక్తిమాన్ కరాబు చేసిందేమీ లేదు

జనగామ బస్టాండు దగ్గరి ఛాయ్ కొట్టులో ముప్పై అయిదు, నలభై ఏళ్ల వాళ్లు కూడితే మాటలు భూముల ధరల మీదికో, సర్పంచి ఎన్నికల మీదికో పోతాయి. 2024 నవంబరులో ఒక సాయంత్రం మాత్రం నలుగురు ఒకే ఫోను మీదికి వంగి ఉన్నారు. తెర మీద ముఖేష్ ఖన్నా. అదే ముదురెరుపు బట్టలు, ఛాతీ మీద అదే బంగారు చక్రం. గిర్రున తిరుగుతూ వచ్చి ఆగాడు. స్వాతంత్ర్య యోధుల పటాలు చూస్తూ పాట పాడాడు. అంతే, వీడియో అయిపోయింది. ఫోను పట్టుకున్నతను దాన్ని జేబులో పెట్టుకుంటూ, “చిన్నప్పటి యాదినంత కరాబు చేసిండు పో” అన్నాడు. మిగతా ముగ్గురూ తలూపారు.

ఆ తలూపుడు జనగామకే పరిమితం కాదు. ఆ వారమంతా ఎక్కడ విన్నా అదే పాట. ఇంత వయసొచ్చాక ఆ బట్టలు ఎందుకు, ఆ గ్రాఫిక్సు ఏమిటి, ఈ నీతులు ఇప్పుడెవరికి కావాలి, పాతదాన్ని పాతగానే వదిలెయ్యొచ్చు కదా! చదువుకున్నవాళ్లు, చదువు లేనివాళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కొలువు చేసేవాళ్లు, ఇక్కడ పత్తి కొనేవాళ్లు అందరూ ఒకే తీర్పు ఇచ్చారు. ఎదురు మాట్లాడినవాళ్లు నాకు కనిపించలేదు. నేనూ ఆ సాయంత్రం నోరు విప్పలేదు. అప్పటి నుంచీ అది లోపల ముల్లులా ఉంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ తీర్పు తప్పు. తప్పు మాత్రమే కాదు, అన్యాయం. మనకు నష్టం జరిగిన మాట నిజం. అది జరిగింది 2024లో కాదు, చేసింది ఆ పెద్దాయనా కాదు.

తెలియని చిన్నవాళ్ల కోసం నాలుగు మాటలు. ‘శక్తిమాన్’ 1997 సెప్టెంబరు 13న దూరదర్శన్‌లో మొదలైంది. 2005 మార్చి 27 దాకా నడిచింది. దర్శకుడు దినకర్ జాని. శక్తిమాన్‌గానూ, సోడాబుడ్డి కళ్లద్దాలతో, నూనె రాసి పాపిడి తీసిన తలతో తిరిగే గంగాధర్‌గానూ ముఖేష్ ఖన్నాయే చేశాడు. ఏడు చక్రాలు, పంచభూతాలు, యోగం ఒక పక్క. డాక్టర్ జాకాల్ లాంటి దారితప్పిన శాస్త్రవేత్త, అతని ప్రయోగశాల ఒక పక్క. పురాణాన్నీ సైన్సునూ ఒకే గిన్నెలో కలిపిన కథ అది. చీకటికి ఏలిక తమరాజ్ కిల్విష్. పత్రికా విలేకరి గీతా విశ్వాస్. ఎపిసోడ్ చివర పిల్లలకు నాలుగు మంచి మాటలు. మధ్యలో పార్లే-జి బిస్కెట్ల ప్రకటన.

మా వీధిలో టీవీ ఉన్న ఇళ్లు రెండే. మేం పోయేది పెద్దబాపు వాళ్లింటికి. ఆదివారం పన్నెండు కాకముందే చెప్పులు గడప బయట గుట్టపడేవి. నలుపు తెలుపు టీవీ, దాని ముందు నీలం అద్దం. పెద్దబాపు కొడుకు డాబా ఎక్కి అంటెన్నా పట్టుకునేవాడు. కింద నుంచి మేం అరిచేవాళ్లం.

“వచ్చిందా?”

“రాలె అన్నా, ఇంకొంచెం తిప్పు!”

“ఇప్పుడు?”

“వచ్చింది వచ్చింది... అరె పోయింది!”

పాపం, అతను డాబా మీదే సగం సీరియల్ అయిపోయే దాకా నిలబడేవాడు. చెయ్యి తీస్తే బొమ్మ పోయేది. కరెంటు పోతే మా ఏడుపు చూడలేక పెద్దబాపు ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తగిలించిన రోజులున్నాయి. తెర మీద చుక్కలు చుక్కలుగా మంచు కురుస్తుంటే ఆ మంచులో శక్తిమాన్ ఎగిరేవాడు. హిందీ మాకు సగమే తెలిసేది. మిగతా సగం మా వీధి చివరింటి ఉర్దూ మీడియం పిల్లవాడు చెప్పేవాడు. అతను చెప్పింది కరెక్టో కాదో ఎవరికి తెలుసు! సీరియల్ అయిపోగానే అందరం వీధిలోకి ఉరికి, కుడిచెయ్యి పైకెత్తి, కళ్లు తిరిగేదాకా గిరగిర తిరిగి మోరీ పక్కన పడేవాళ్లం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మన వాళ్లు అంటున్న మొదటి మాటకు ఇదే జవాబు. గ్రాఫిక్సు బాగాలేదట. ఎప్పుడు బాగున్నాయి? 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ ఆ సీరియల్‌ను మళ్లీ వేసింది. అప్పుడు చూసినవాళ్లు నిజం చెప్పాలి. శక్తిమాన్ ఎగురుతుంటే వెనక ఆకాశం అతికించినట్టు కనపడలేదా? రాక్షసుల ముసుగులు రబ్బరువని తెలియలేదా? మనం చిన్నప్పుడు చూసింది ఆ బొమ్మను కాదు. చుక్కల మంచు వెనక మన మనసు గీసుకున్న బొమ్మను. ఆ బొమ్మకు ఏ స్టూడియో పోటీ పడగలదు? వెయ్యి కోట్లు పోసినా ఓడిపోతుంది. ఓడక తప్పని పోటీకి ఆయన్ని నిలబెట్టి, ఓడిపోయాడని చప్పట్లు కొట్టడం ఏ న్యాయం?

ఇక వయసు. ఈ ఒక్క మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. ఎందుకంటే ఈ మాట అనే హక్కు దేశంలో ఎవరికైనా ఉంటే ఉండొచ్చు గానీ జనగామ వాళ్లకు లేదు.

దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె మనదే. ఆ ఊరి గడ్డం సమ్మయ్యగారికి 2024 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. చిందు యక్షగానం. యాభై ఏళ్లకు పైబడిన ఆట, 19 వేలకు మించిన ప్రదర్శనలు. అప్పటికి ఆయన వయసు 67. ముఖేష్ ఖన్నా పుట్టింది 1958లో. ఆ వీడియో వచ్చేనాటికి 66 ఏళ్లు. అంటే ఇద్దరూ ఇంచుమించు ఒక ఈడు వాళ్లే. మనం జనవరిలో ఒకాయనకు శాలువాలు కప్పి ఫ్లెక్సీలు కట్టాం. నవంబరులో ఇంకొకాయనను వేషం విప్పి ఇంట్లో కూర్చోమన్నాం. పద్మశ్రీ ఇచ్చింది దేనికి? ఆ వయసు దాకా గజ్జె విప్పనందుకే కదా!

చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో చిందాట చూశాను. ఆట మొదలయ్యే ముందు తెర వెనక్కి దూరాను. ఒక పెద్దమనిషి చిన్న అద్దం మోకాళ్ల మధ్య ఇరికించుకుని ముఖానికి అర్దళం పూసుకుంటున్నాడు. మెడ మీద చర్మం మడతలు పడి వేలాడుతోంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. పక్కన పొనికి కర్ర కిరీటం, భుజకీర్తులు. గజ్జెలు కట్టుకోవడానికి వంగలేకపోతే కొడుకో మనుమడో కట్టాడు. కాసేపటికి మద్దెల మోగింది. ఆయన తెర తీసుకుని వచ్చాడు. ఆ నడక, ఆ చూపు! నా పక్కన కూర్చున్న ముసలవ్వ రెండు చేతులూ జోడించింది. ఆమెకు మెడ మడతలు కనపడలేదా? కనపడ్డాయి. ఊరంతా ఎరిగిన మనిషే. పొద్దున ఆయన మా అమ్మమ్మ ఇంటి ముందే కూర్చుని నీళ్లడిగి తాగాడు. అయినా వేషం కట్టాక ఆయన రాజే. అలా చూడటం మనకు తెలుసు. మన తాతలు నేర్పారు. నిజామాబాదు ప్రాంతపు చిందుల ఎల్లమ్మ ఆడమనిషై ఉండి మగ వేషాలు కట్టి మెప్పిస్తే, ఎవరూ ఆమె గొంతును కొలవలేదు. వేషానికీ మనిషికీ మధ్య ఉన్న ఎడాన్ని చూసేవాడు తన మనసుతో పూడ్చుకోవాలి. అది చూసేవాడి పని. ఆ పని మానేసి, తప్పు ఆడేవాడిదంటున్నాం.

సినిమాకు చిందాటకు పోలికేమిటి అంటారా? సరే, సినిమాకే వద్దాం. అదే 2024లో, జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. సైన్సు ఫిక్షనే, పురాణం కలిసినదే. అందులో అశ్వత్థామ వేసిన అమితాబ్ బచ్చన్‌కు అప్పుడు 81 ఏళ్లు. ప్రభాస్‌తో తలపడితే జనగామ థియేటర్లో ఈలలు మోగాయి. ఈ నలుగురూ వేసినవారే. మరి అయిదు నెలల్లో వయసు తప్పెలా అయింది? తప్పు వయసుది కాదు. ఒకాయన వెనక వందల కోట్ల పెట్టుబడి, వందల మంది కంప్యూటర్ కళాకారులు ఉన్నారు. ఇంకొకాయన వెనక సొంత యూట్యూబ్ ఛానెల్ ఉంది. మనం డబ్బును గౌరవించి దానికి కళాభిరుచి అని పేరు పెట్టుకున్నాం. పేదవాడి వేషం మీద నవ్వడం చిందోళ్ల ఊళ్లో పుట్టినవాళ్లకు తగదు.

నీతులు చెప్పాడన్నది ఇంకో ఫిర్యాదు. దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఎనిమిదేళ్లూ చెప్పాడు. పళ్లు తోముకోమన్నాడు, రోడ్డు దాటేటప్పుడు చూసుకోమన్నాడు, అబద్ధమాడొద్దన్నాడు. శక్తిమాన్ కాపాడతాడని పిల్లలు ఎత్తు నుంచి దూకారనీ, ఒంటికి నిప్పంటించుకున్నారనీ ఆ రోజుల్లో వార్తలు వచ్చినప్పుడు, అదే వేషంలో తెర మీదికి వచ్చి నేను చేసినట్టు చెయ్యకండి అని పిల్లలకు చెప్పాడు. అప్పుడు మనకు పదేళ్లు, విన్నాం. ఇప్పుడు మనకు నలభై. ఆ మాటలు ఇప్పుడూ పదేళ్ల వాళ్లకే. వాళ్ల సీటులో మనం కూర్చుని, సీటు ఇరుకుగా ఉందంటే ఎలా?

నా విమర్శ నాకూ ఉంది. దాచను. ఆ వీడియో నాకూ నచ్చలేదు. కథ లేదు, శత్రువు లేడు, గంగాధర్ లేడు. సైన్సు అసలే లేదు. పండుగకు పిలిచి పచ్చి మంచినీళ్లు ఇచ్చినట్టుంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. 2022 ఫిబ్రవరిలో సోనీ పిక్చర్స్ శక్తిమాన్‌ను మూడు సినిమాలుగా తీస్తామని ప్రకటించింది. రణ్‌వీర్ సింగ్ పేరు వినిపించగానే ముఖేష్ ఖన్నా అతను ఆ పాత్రకు తగడని బాహాటంగా చెప్పారు. తర్వాత తాను ఎవరితోనో పోటీకి రాలేదనీ, ఇప్పటికే తానే శక్తిమాన్ననీ అన్నారు. అక్కడ నేను ఆయనతో విభేదిస్తాను. వేషం ఎంతకాలం కట్టినా అది మేళానిది, మనిషిది కాదు. పెద్దాయన గజ్జెలు మనుమడి కాలికి కట్టి, తాను పక్కన తాళం పట్టుకుని కూర్చునే రోజు కూడా ఆటలో భాగమే.

చిత్రమేమిటంటే, ఈ తప్పులో ఆయనా ఆయన్ని తిడుతున్న అభిమానులూ ఒకే పక్షం. ఆయన ‘నేను తప్ప మరొకరు వద్దు’ అంటున్నారు. వీళ్లు ‘1997 నాటి నువ్వు తప్ప మరొకటి వద్దు’ అంటున్నారు. రెండు మాటలూ కలిసి పిల్లల ముందు తలుపు మూసేస్తున్నాయి.

ఇక్కడే అసలు సంగతికి వస్తాను. 2005ను ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ మార్చి 27న శక్తిమాన్ ఆగిపోయింది. సరిగ్గా దానికి ముందు రోజు, మార్చి 26న, బ్రిటన్‌లో బీబీసీ ‘డాక్టర్ హూ’ను తిరిగి మొదలుపెట్టింది. అది 1963 నవంబరు 23న పుట్టిన సైన్సు ఫిక్షన్ సీరియల్. కాలంలో ప్రయాణించే ఒక మనిషి కథ. 1989లో ఆగిపోయి, పదహారేళ్ల తర్వాత కొత్త నటుడితో లేచింది. మరో మూడు వారాలకు, ఏప్రిల్ 15న, జపాన్‌లో ‘డోరేమాన్’ కొత్త గొంతులతో మొదలైంది. 22వ శతాబ్దం నుంచి వచ్చిన నీలి రంగు పిల్లి రోబో కథ. 1979 నుంచీ ఆ పిల్లికి గొంతిచ్చిన నోబుయో ఒయామాను, ఆమెతో పాటు ముఖ్య పాత్రల గొంతులన్నిటినీ మార్చేశారు. కథను పుట్టించిన ఫుజికో ఎఫ్. ఫుజియో అప్పటికే 1996లో చనిపోయాడు. అయినా ఆపలేదు.

నెల తిరగకుండా మూడు దేశాల్లో జరిగిన మూడు సంగతులివి. ఒకరు ఆగినదాన్ని లేపారు. ఒకరు గొంతు మార్చి నడిపారు. మనం ఆపేశాం. ఆపేసి మరిచిపోయాం.

ఆ రెండు దేశాల్లో అభిమానులు నిరాశ పడలేదా అంటే, పడ్డారు. బాగా పడ్డారు. డాక్టర్ హూలో హీరో మారడం 1966లోనే మొదలైంది. మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం సహకరించకపోతే, ఆ పాత్ర శరీరం మార్చుకుంటుందని కథలోనే ఒక దారి తీసి పాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చారు. ఇరవై ఏళ్ల పండుగకు 1983లో ‘ది ఫైవ్ డాక్టర్స్’ అని ప్రత్యేక కథ తీస్తే, అందరికంటే ఎక్కువ కాలం ఆ వేషం వేసిన టామ్ బేకర్ రానన్నాడు. హార్ట్‌నెల్ 1975లోనే పోయాడు. ఆయన బదులు రిచర్డ్ హర్న్‌డాల్ అనే మరో నటుణ్ని పెట్టారు. ఒకరు రాలేదు, ఒకరు లేరు. కోరుకున్న అయిదుగురు ఒకచోట నిలబడింది లేదు. అభిమానులకు అంతకంటే లోటు ఇంకేం కావాలి? అయినా సీరియల్ నిలిచింది. 2013లో యాభై ఏళ్ల పండుగ కథను ఒకే సమయానికి 94 దేశాల్లో చూపారు. 2023లో అరవై ఏళ్లకు పాత నటుడు డేవిడ్ టెనెంట్‌ను మళ్లీ తెచ్చి, ఆ కథల్లోనే కొత్త నటుడు షూటీ గాట్వాకు వేషం అప్పగించారు. నచ్చనివాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ వాళ్ల నిరాశ తర్వాతి కథ మీద ఆశతో కలిసి ఉంటుంది. ఒక పండుగ చప్పగా పోతే ఇంకో పండుగ ఉంటుంది. మన నిరాశకు అలాంటి తర్వాత లేదు. అందుకే అది విషమైంది. ఇరవై ఏళ్లు ఏమీ పెట్టకుండా ఒక్క ముద్ద నోటి ముందుకు వస్తే, ఆ ముద్దలో ఉప్పు తక్కువైనా ప్రాణం పోయినంత బాధ. ఆ బాధ నిజం. కానీ తిట్టాల్సింది ముద్ద తెచ్చినవాడినా, ఇరవై ఏళ్లు వంట మానేసినవాళ్లనా?

శక్తిమాన్ ఎందుకు ఆగిందో గుర్తుందా? కథ అయిపోయి కాదు. పిల్లలు చూడటం మానేసీ కాదు. ప్రసారానికి దూరదర్శన్ తన దగ్గర తీసుకునే రుసుము పెంచుతూ పోవడం వల్ల మోయలేక ఆపేశానని ముఖేష్ ఖన్నా తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఈ మాట ఒకటికి రెండుసార్లు చదవండి. ప్రజల డబ్బుతో నడిచే ఛానెల్ పిల్లల కార్యక్రమానికి డబ్బు ఇవ్వలేదు. పిల్లల కార్యక్రమం తీసినవాడే ఆ ఛానెల్‌కు డబ్బు కట్టాడు. బీబీసీ తన సొంత డబ్బు పెట్టి డాక్టర్ హూను లేపిన నెలలోనే మన దగ్గర ఇది జరిగింది. అంతకుముందు ఇదే దూరదర్శన్ 1989లో పిల్లల కోసం ‘ఇంద్రధనుష్’ వేసింది. 1998లో కేతన్ మెహతా ‘కెప్టెన్ వ్యోమ్’ వేసింది. ఆ దారి ఎందుకు మూసుకుపోయిందని ఎన్నడైనా ఒక్కరం అడిగామా? ఒక్క పోస్టుకార్డు రాశామా? 2005లో నేను ఇంటర్మీడియట్. శక్తిమాన్ ఆగిపోయిందని నాకు కొన్ని నెలల తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. నాకు అప్పటికి వేరే లోకం వచ్చింది. మాకంటే పదేళ్లు చిన్నవాళ్ల ఆదివారం పన్నెండు గంటలకు ఏమైందో మేం పట్టించుకోలేదు. చిన్నతనాన్ని కరాబు చేసిన మాట నిజమే అయితే, అది వాళ్ల చిన్నతనం.

‘పాతదాన్ని ముట్టుకోవద్దు’ అనే వాదానికి ఇప్పుడు పెద్ద ఊపు వచ్చింది. 2025 ఏప్రిల్ 4న ‘ఆదిత్య 369’ను 4కేలో శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తే, ఛాయ్ కొట్టు దగ్గర అదే నలుగురిలో ఒకరు “గిట్ల చెయ్యాలె. ఉన్నది ఉన్నట్టు వెయ్యాలె” అన్నాడు. సినిమా మీద నాకూ అంతే ప్రేమ. 1991 జులైలో వచ్చిన ఆ సినిమాలో కాలయంత్రం ఎక్కి 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, 2504 నాటి లోకానికీ పోయి వచ్చాం. కానీ ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఉన్నది ఉన్నట్టు’ అనుకుని ఉంటే అది పుట్టేదా? అప్పటికి తెలుగులో కాలయంత్రం కథంటే నిర్మాతలు ఎంత భయపడి ఉంటారో ఊహించండి. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రాన్ని తీసుకుని, అందులో తెనాలి రామకృష్ణుణ్ని కూర్చోబెట్టాడాయన. తొంభైకి చేరువైన వయసులో అదే మనిషి ‘కల్కి’కి మార్గదర్శిగా నాగ్ అశ్విన్ పక్కన నిలబడ్డాడు. పెద్దవాళ్లు చెయ్యాల్సింది అదీ. అభిమానులు నేర్చుకోవాల్సింది కూడా అదే. పాత సినిమాను కడిగి తుడిచి వెయ్యడం మంచిదే. అది పటానికి దండ వెయ్యడం. పటానికి దండ వేసినంత మాత్రాన ఇంట్లో పిల్లలు పుట్టరు.

కొత్తవి రావడం లేదా, ‘హను-మాన్’ రాలేదా అని అడిగేవాళ్లున్నారు. వచ్చింది, 2024 సంక్రాంతికి. చూశాను, ఇష్టపడ్డాను. కానీ అది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి టిక్కెట్టు కొనుక్కుని చూసే సినిమా. నేను అడుగుతున్నది వారం వారం, డబ్బు కట్టకుండా, పక్కింటి గడప బయట చెప్పులు విడిచి చూసే కథ. ఈ రెండూ ఒకటి కావు. సినిమా హీరోను పిల్లవాడు చూసి వస్తాడు. వారం వారం వచ్చేవాడితో కలిసి పెరుగుతాడు.

కథ చేతులు మారితే పాడైపోతుందని భయపడేవాళ్లు ఒకసారి పాలకుర్తి దాకా పోయి, అక్కడి నుంచి బమ్మెరకు నడవండి. పోతన ఊరు. మనం పోతన భాగవతం అని కళ్లకద్దుకునే గ్రంథంలో పంచమ స్కంధం గంగనది. షష్ఠం ఏర్చూరి సింగనది. ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవి. శిథిలమైన చోట శిష్యులూ తర్వాతి వాళ్లూ పూరించారు. వాళ్ల పద్యం పోతన పద్యమంత తియ్యగా లేదని పండితులు అయిదు వందల ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. నిజమే కావచ్చు. అయినా ఎవరూ ఆ స్కంధాలను చించి పారెయ్యలేదు. వాళ్లు పూరించకపోతే మన చేతిలో ఉండేది సగం శిథిలమైన తాటాకు. జనగామ మట్టిలో ఇంత పెద్ద ఉదాహరణ పెట్టుకుని, వేషం ఇంకొకరు కడితే కథ మైలపడుతుందని మనమెలా అంటున్నాం?

మా పాపకు తొమ్మిదేళ్లు. ఆ వీడియో ఆమెకూ చూపించాను. పాట అయ్యేదాకా కదలకుండా చూసింది. ముసలాయన అనలేదు. గ్రాఫిక్సు అనలేదు. “తర్వాత ఏమైతది నాన్నా?” అని అడిగింది.

తర్వాత ఏమీ లేదని చెప్పాను. నా చేతిలోంచి రిమోటు తీసుకుని డోరేమాన్ పెట్టుకుంది. తెలుగులోనే మాట్లాడుతున్నాడు. జపాన్ పిల్లి మా ఇంట్లో తేట తెలుగు మాట్లాడుతోంది, మా ఊరి పిల్లలకు రేపటి లోకం గురించి ఊహించడం నేర్పుతోంది. దాని మీద నాకు కోపం లేదు, కృతజ్ఞతే. గొంతు మారినప్పుడు జపాన్ వాళ్లు అలిగి ఆపేసి ఉంటే ఈ పిల్లకు అదీ ఉండేది కాదు.

తెలుగు పిల్లలకు ఛానళ్లున్నాయి, వాటిలో డబ్బింగు కథలున్నాయి. జనగామలో, భూపాలపల్లిలో, మహబూబాబాదులో పుట్టిన ఒక పిల్ల కాలయంత్రం ఎక్కి పోయే తెలుగు సీరియల్, వారం వారం ఉచితంగా వచ్చేది, నాకు తెలిసి ఒక్కటీ లేదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 నుంచీ ఉంది. తెలంగాణకు యాదగిరి ఛానెల్ 2014 నుంచీ ఉంది. రాసేవాళ్లకు కొదవ లేదు. మన ఊళ్లలో ఫోనుతోనే షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు వీధికి ముగ్గురున్నారు.

నలభై ఏళ్ల నా తోటివాళ్లకు ఒకటే విన్నపం. ఒక ముసలాయన మీద రాసిన తిట్లన్నీ చాలు. అందులో పదో వంతు ఓపికతో యాదగిరి ఛానెల్‌కు ఒక ఉత్తరం రాయండి. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు మా పిల్లలకు తెలుగులో ఏం వేస్తున్నారని అడగండి. నా ఉత్తరం ఈ వారమే పోస్టులో వేశాను.